ఎక్కాల నుంచి ఇప్పటి లెక్కల దాకా: పిల్లలకు ఇంట్లో ఏ పద్ధతి నేర్పాలి?

ప్రశ్న (ఐదో తరగతి పాప తండ్రి, గుంటూరు)

మా పాపను 432ను 12తో భాగించమంటే, ముందు 12ను 30 సార్లు తీసివేసి 360 అని రాసుకుంటుంది. మిగిలిన 72లో మరో ఆరు సార్లు తీసివేసి, 30కి 6 కలిపి 36 అంటుంది. నేను నేర్చుకున్నది వేరు: 43లో 12 మూడు సార్లు, 36 పోగా 7, పక్కనున్న 2 దింపుకుంటే 72. 1950ల్లో చదువుకున్న మా నాన్నగారు ఈ రెండూ చూసి, ఇరవయ్యో ఎక్కం దాకా నోటికి రాని పిల్లకు లెక్కలు వచ్చినట్టు కాదని బాధపడుతున్నారు. బడిలో మాత్రం బట్టీ పట్టించవద్దని చెబుతున్నారు. మూడు తరాల్లో పద్ధతి ఇంతగా ఎందుకు మారింది? నేను ఇంట్లో ఎవరి మాట వినాలి?

జవాబు 1 (విశ్రాంత గణితోపాధ్యాయుడు, తెనాలి)

మీ నాన్నగారి బాధలో న్యాయం ఉంది. ఆయన చదివిన లెక్కలు ఆనాటి అంగడికి సరిగ్గా సరిపోయేలా తయారైనవి. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు దమ్మిడీలు. మణుగుకు ఎనిమిది వీసెలు, వీసెకు నూట ఇరవై తులాలు. ఏ కొలతా పదులలో లేదు కనుక, పావు, అర, ముప్పావు భిన్నాల ఎక్కాలు నోటికి రాకపోతే దుకాణంలో నిలబడి లెక్క తేల్చడం సాధ్యమయ్యేది కాదు.

ఒక ఉదాహరణ చూడండి. వీసె బెల్లం రూపాయి పావలా అయితే మూడు ముప్పాతిక వీసెలకు ఎంత? ఆనాటి విద్యార్థి కాగితం ముట్టడు. వీసెకు రూపాయి చొప్పున మూడు రూపాయల పన్నెండు అణాలు. పావలా చొప్పున అందులో నాలుగో వంతు, అంటే పదిహేను అణాలు. మొత్తం నాలుగు రూపాయల పదకొండు అణాలు. ఇది బట్టీ మాత్రమే కాదు. ఎక్కం జ్ఞాపకశక్తికి చెందినదే అయినా, సంఖ్యను విడదీసి మళ్ళీ కలుపుకోవడం ఆలోచనకు చెందినది. మీ పాప 432ను 360గా, 72గా విడదీసినప్పుడు చేసిన పని కూడా అదే. తాతగారికీ మనవరాలికీ మధ్య మీరు అనుకుంటున్నంత దూరం లేదు.

1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. తరువాతి కొన్నేళ్ళలో కిలోలు, లీటర్లు, మీటర్లు అమలులోకి వచ్చాయి. దానితో ఆ భిన్నాల ఎక్కాలకు అవసరం తీరిపోయి, అవి బడి నుంచి తప్పుకున్నాయి. ఆ మార్పు మంచిదే. అయితే వాటితోపాటు నోటిలెక్క కూడా తరగతి గది నుంచి క్రమంగా జారిపోవడమే నన్ను నేటికీ కలచివేస్తుంది, ఎందుకంటే నోటిలెక్కను కొత్త కొలతలతోనూ అంతే చక్కగా నేర్పగలిగేవాళ్ళం.

ఆ తరువాతి మార్పుకు కారణం అంగడి కాదు. 1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను ప్రయోగించాక అమెరికా తన పాఠశాల గణితాన్ని తిరగరాసి, సమితులను, గణిత నిర్మాణాలను ముందుకు తెచ్చింది. ఆ గాలి మన పాఠ్యపుస్తకాలకూ తాకింది. ఇక్కడ 1964–66 నాటి జాతీయ విద్యా సంఘం, అంటే కొఠారీ కమిషన్, పదేళ్ళ బడి చదువులో గణితం, విజ్ఞానశాస్త్రం అందరికీ తప్పనిసరిగా ఉండాలని సిఫారసు చేసింది. పదో తరగతిలో ప్రవచనాలు (నిజమో కాదో తేల్చగల వాక్యాలు), సమితులు, ప్రమేయాలు, మాత్రికలు నేను ఏళ్ళ తరబడి చెప్పాను. ఇష్టపడిన పిల్లలకు అవి కొత్త లోకాన్ని చూపాయి. చాలామందికి మాత్రం ఆ వాక్యాల నిజానిజాలు చూపే సత్యపట్టికలు అయిదు మార్కుల ప్రశ్నగానే మిగిలిపోయాయి.

జవాబు 2 (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, నల్గొండ జిల్లా)

మాస్టారు చెప్పిన దానికి ఇప్పటి సంగతి కలుపుతాను. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం, సూత్రాలు అప్పజెప్పించడం కంటే పిల్లల ఆలోచనను గణితీకరించడం, అంటే గణిత దృష్టితో ఆలోచించడం నేర్పడం ముఖ్యమని చెప్పింది. తరువాత వచ్చిన మన పుస్తకాలు ఆ దారిలోనే రాసినవి. ఎక్కాలు వద్దని అందులో లేదు. కూడికనే పదేపదే చేస్తూ ఏడో ఎక్కాన్ని పిల్లలే తయారు చేసుకుని, ఆ తరువాత గుర్తుంచుకోవాలన్నది మేము తరగతిలో పాటించే పద్ధతి. మొదటి సగం చేయించి రెండో సగం వదిలేసిన చోట మీ నాన్నగారి వంటి పెద్దల ఫిర్యాదు నిజమవుతుంది. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కనీస సామర్థ్యాల మీద దృష్టి పెట్టింది కూడా చతుర్విధ ప్రక్రియలు రాకుండా పిల్లలు పై తరగతులకు వెళ్ళిపోతున్నందుకే.

ఇంకొక లోటు చెప్పాలి. మా ఊళ్ళో వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. పుస్తకంలో సంవత్సరానికి ఇంత శాతం అని ఉంటుంది. ఈ రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతమని పిల్లలకు విడమరిచి చెబితే, ఆ పాఠం వాళ్ళ ఇంటి అప్పు దాకా వెళుతుంది.

జవాబు 3 (ఇద్దరు పిల్లల తల్లి, శాన్ హోసే, కాలిఫోర్నియా)

మీ పాప చేసే భాగహారాన్నే ఇక్కడ మా అబ్బాయికీ నేర్పారు. 2010లో వెలువడి, అమెరికాలో చాలా రాష్ట్రాలు స్వీకరించిన కామన్ కోర్ అనే పాఠశాల ప్రమాణాల ప్రకారం నాలుగు, ఐదు తరగతుల్లో స్థానవిలువలను ఆధారం చేసుకుని భాగిస్తారు. మీరు చేసే సంప్రదాయ పద్ధతిలో ప్రావీణ్యం ఆరో తరగతిలో రావాలి. అయితే ఒక అంకె సంఖ్యల గుణకారాలన్నీ మూడో తరగతి పూర్తయ్యేసరికి జ్ఞాపకం ఉండాలని అవే ప్రమాణాలు స్పష్టంగా చెబుతున్నాయి. అందువల్ల కొత్త పద్ధతి పేరు చెప్పి ఎక్కాలు మానేయడం సరికాదని నా అభిప్రాయం.

జవాబు 4 (తెనాలి నుంచి మళ్ళీ)

మీ రెండో ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పడం మరిచాను. పాప పద్ధతిని మార్చవద్దు. ఆమె దానితో తడుముకోకుండా చేయగలిగాక మీ పద్ధతి చూపించి, మీరు వేసిన 3 అసలు 30 అని ఆమె చేతనే చెప్పించండి. పదో ఎక్కం దాకా నోటికి రావాలి. ఇరవై దాకా వస్తే మేలు, కానీ దానికోసం పిల్లను ఏడిపించవద్దు, ఎందుకంటే పదిహేడు ఆరులను పది ఆరులు, ఏడు ఆరులుగా విడదీసుకోవడం తెలిసిన పిల్లకు ఆ ఎక్కం సగం వచ్చినట్టే. రోజూ భోజనాల వేళ తాతగారిని రెండు నోటిలెక్కలు ఇవ్వమనండి. కిలో నలభై ఎనిమిది రూపాయలైతే రెండుంబావు కిలోలు ఎంత అన్నదానితో మొదలుపెట్టవచ్చు.