హెడ్‌లైట్ డూమ్ మీద సన్న గీతలు: రుద్దాలా, వదిలేయాలా?

పాలకొల్లు బుల్లోడు
నమస్కారమండి. సంక్రాంతికి ఊరెళ్తే మా బావమరిది ముచ్చటపడి, కాలవ రేవులో కొబ్బరి పీచు పెట్టి నా కారుని ఇత్తడి బిందె తోమినట్టు తోమేసేడు. డూమ్‌ల నిండా సాలెగూడులా సన్న గీతలు. గోరుకి తగలట్లేదు గానీ ఎండలో కొట్టొచ్చినట్టు కనపడుతున్నాయి. ఒకరు టూత్‌పేస్ట్ అంటారు, షెడ్డు కుర్రోడు వాటర్ పేపర్ (నీళ్ళతో తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టిద్దామంటాడు. ఎవర్ని నమ్మమంటారు?

గట్టు మీద గేదె
పేస్టేనండి. జెల్ కాదు, తెల్లది. తడి బనీను ముక్కతో పది నిమిషాలు రుద్దండి. ఏడాదిలో మూడుసార్లు చేశా, అద్దంలా వచ్చింది.

రావులపాలెం పెయింటరు
అద్దంలా వస్తే మూడుసార్లు ఎందుకు చేసేరండీ?

బుల్లోడు గారూ, అంబాసిడర్ రోజుల గాజు కాదిది, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. రాయి తగిలినా అంత తేలిగ్గా పగలదు గానీ గీత ఇట్టే పడుద్ది, ఎండకి పచ్చబడుద్ది. అందుకే కంపెనీలోనే దాని మీద గట్టి పూత వేస్తారు. పల్చటిది, మైక్రాన్ల లెక్క. గోరుకి తగలని గీత ఆ పూతలోనే ఉన్నట్టు. వాటర్ పేపర్ పట్టారంటే గీతతో పాటు పూతా పోద్ది. మళ్ళీ యూవీ క్లియర్ కోట్, అంటే ఎండని ఆపే రంగులేని పూత, కొట్టకపోతే కొన్నాళ్ళకే పసుపు రాసినట్టు అయిపోద్ది. ఇది చెప్తే నా బేరం నేనే చెడగొట్టుకున్నట్టు, అయినా చెప్తున్నా.

డూమ్ మీద నీళ్ళు పోసి చూడండి. తడిగా ఉన్నంతసేపూ గీత మాయమైతే పైపైదే.

అమలాపురం నైట్ డ్యూటీ
మేస్త్రి గారూ, మీరు పగలు చూసి మాట్లాడుతున్నారు. నేను రాత్రిపూట 216 హైవే మీద ఇసుక లారీల వెనకాల తిరిగేవాణ్ణి. డూమ్ మసకేస్తే వెలుతురు ముందుకి పోకుండా చెదిరిపోద్ది. పుష్యమాసం మంచులో కాలవగట్టు రోడ్డెక్కితే తెల్ల దుప్పటి కప్పినట్టే, పక్కన కాలవేమో నోరు తెరుచుకుని ఉంటాది. నేను పేపరే పట్టించా. 1000, 1500, 2000, 3000 నంబర్లు (నంబరు పెరిగేకొద్దీ పేపరు మెత్తన), అన్నీ తడిగానే, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా. తర్వాత మెరుపుకి రుద్దే కాంపౌండ్, ఆపైన క్లియర్ కోట్.

మొదటి డూమ్ మాత్రం పాడైంది. కోట్ కొట్టేముందు పెయింటు పల్చన చేసే తినరు (థిన్నర్)తో తుడిచాం. అరగంటలో ఎండిన చెరువులా సన్న పగుళ్ళు. కొత్తది కొన్నాను.

రావులపాలెం పెయింటరు
పాలికార్బొనేట్‌కి తినరు, పెట్రోలు, అసిటోన్ విషమండి. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. మీది మసక డూమ్, పూత ముందే పోయింది, పేపరు న్యాయమే. ఈయనది పీచు గీత. రెంటికీ ఒకే మందా?

గట్టు మీద గేదె
మరి నా పేస్టు మీద ఎందుకండీ కోపం? అందులో ఉన్నదీ సుద్ద, సిలికాయే. మీ పాలిష్‌లో ఉన్నదీ గరుకు పొడే.

రావులపాలెం పెయింటరు
నిజమేనండి, ఒప్పుకుంటా. కాకపోతే పేస్టు గరుకు పళ్ళకని లెక్కేసింది, బ్రాండు బ్రాండుకీ మారుద్ది. ప్లాస్టిక్ పాలిష్‌కైతే ఎంత మెత్తనో డబ్బా మీదే ఉంటాది. ఏది రాసినా పూత కాస్త అరుగుద్ది, అందుకే మూడుసార్లు వద్దంటున్నా.

పాలకొల్లు బుల్లోడు
నీళ్ళు పోశానండి, గీతలు మాయం. చుట్టూ మాస్కింగ్ టేపు వేసి, ఎడమ డూమ్‌కి మాత్రం మైక్రోఫైబర్ గుడ్డతో ప్లాస్టిక్ పాలిష్ చేతితో పట్టించా. ముప్పావు వంతు పోయాయి. రెండు గీతలు ఇంకా ఉన్నాయి, వాటి జోలికి పోను. కుడిది అలాగే ఉంచా, గేదె గారు పేస్టుతో వస్తానంటే పోటీ పెడదాం.

గట్టు మీద గేదె
ఆదివారం వస్తా. పీచు మాత్రం దాచేయండి, మీ బావమరిది ఉంటాడేమో.