వైర్‌షార్క్‌ను సుడోతో తెరిస్తే నిజంగా అంత ప్రమాదమా?

పింగ్‌మాస్టర్:
మా టీమ్‌లో సర్వర్ ట్రాఫిక్ చూడాలంటే అందరూ వైర్‌షార్క్‌ను (నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టి విప్పి చూపే ప్రోగ్రామ్) సుడోతోనే, అంటే రూట్ (అడ్మిన్) హక్కులతోనే తెరుస్తారు. ప్యాకెట్లను చదవడమే కదా, బఫర్ ఓవర్‌ఫ్లో (కేటాయించిన మెమరీ హద్దు దాటి రాయడం) ఎక్కణ్ణుంచి వస్తుంది? మానేయాలంటే ఉబుంటులో ఏం మార్చాలి?

హెక్స్‌డంప్:
చదవడంలోనే ఉంది తంటా అంతా. ప్యాకెట్లోని పొడవు ఫీల్డును నింపేది పంపినవాడు. డిసెక్టర్ (ఒక్కో ప్రోటోకాల్ ప్యాకెట్‌ను విప్పే కోడ్) ఆ అంకెను నమ్మి స్టాక్‌లోని చిన్న అరేలోకి అన్ని బైట్లూ కాపీ చేస్తే, పట్టనివి రిటర్న్ అడ్రస్ (ఫంక్షన్ ముగిశాక ఎక్కడికి వెళ్లాలో చెప్పేది) మీద పడతాయి, అంటే తర్వాత ఏ కోడ్ నడవాలో పంపినవాడే నిర్ణయించొచ్చు. 2010లో వైర్‌షార్క్ ఎల్‌డబ్ల్యూరెస్ (డీఎన్ఎస్ సంబంధ ప్రోటోకాల్) డిసెక్టర్లో బయటపడింది ఇదే, వెర్షన్ 1.2.6లో సరిచేశారు. ప్యాకెట్ హద్దు దాటి చదవబోతే టీవీబఫ్ (డిసెక్టర్లకు ప్యాకెట్ డేటా అందించే కోడ్) ఆపుతుంది గానీ, కాపీ వెళ్లి పడే అరే ఎంతుందో దానికి తెలియదు.

2005లో స్నార్ట్ (నెట్‌వర్క్ దాడులను పసిగట్టే ప్రోగ్రామ్)లో, బ్యాక్ ఆరిఫిస్ అనే దొంగ రిమోట్ టూల్‌ను గుర్తించే ప్రీప్రాసెసర్‌పై దాడికైతే ఒక్క యూడీపీ ప్యాకెట్ చాలింది. హ్యాండ్‌షేక్ లేదు కాబట్టి సోర్స్ ఐపీ దొంగది పెట్టొచ్చు. స్నార్ట్ మెషీన్‌కే పంపక్కర్లేదు, అది చూస్తున్న లైన్లో వెళ్తే చాలు. ఇలాంటి ప్రోగ్రామ్ సుడోతో నడుస్తుంటే రూట్ హక్కులను దాడి చేసేవాడి చేతికిచ్చినట్టే.

పాతకెర్నెల్:
రూట్ హక్కు కావాల్సింది క్యాప్చర్‌కే (ప్యాకెట్లను పట్టడానికే), ఆ పని వైర్‌షార్క్‌తో వచ్చే డంప్‌క్యాప్ అనే చిన్న ప్రోగ్రామ్‌ది. డీపీకేజీ-రీకాన్ఫిగర్‌ను వైర్‌షార్క్-కామన్ ప్యాకేజీ మీద సుడోతో నడిపి, మామూలు యూజర్లు క్యాప్చర్ చేయొచ్చా అంటే 'ఎస్' కొట్టండి. తర్వాత మీ యూజర్‌ను వైర్‌షార్క్ గ్రూపులో చేర్చండి. ఇక సుడో అక్కర్లేదు.

పింగ్‌మాస్టర్:
చేర్చాను. అయినా క్యాప్చర్‌కు పర్మిషన్ లేదంటోంది.

పాతకెర్నెల్:
లాగౌట్ అయి మళ్లీ రండి. పాత సెషన్‌కు కొత్త గ్రూపు అంటదు. టెర్మినల్లో 'ఐడీ' కొడితే గ్రూపు కనిపించాలి.

హెక్స్‌డంప్:
నన్నడిగితే సర్వర్ మీద వైర్‌షార్కే వద్దు. ప్యాకెట్లు పట్టే టీసీపీడంప్ అనే కమాండ్‌కు చిన్న డబ్ల్యూ ఆప్షన్ ఇస్తే ప్యాకెట్‌ను విప్పి చూపించకుండా ఫైల్లోకి రాసేస్తుంది, ప్రోటోకాల్ ప్రింటర్ల కోడ్ జోలికే పోదు. ఆ కోడ్ సంగతి తెలియాలంటే 2017 నాటి టీసీపీడంప్ 4.9.2 ఛేంజ్‌లాగ్ చూడండి, సీవీఈలు (నంబరిచ్చి నమోదు చేసిన భద్రతా లోపాలు) బారులు తీరి ఉంటాయి. ఫైలును నెట్‌వర్క్ లేని వీఎం (వర్చువల్ మెషీన్)లో వైర్‌షార్క్‌తో తెరవండి. ఎవరో పంపిన ఫైలైనా అంతే: 2014లో వైర్‌షార్క్ ఎంపెగ్ ఫైల్ రీడర్లో ఓవర్‌ఫ్లో దొరికింది, దానికి లైవ్ ట్రాఫిక్కే అక్కర్లేదు, ఫైల్ తెరిస్తే చాలు.

టీసీపీడంప్‌ను రూట్‌గా మొదలుపెడితే పెద్ద జెడ్ ఆప్షన్‌తో మామూలు యూజర్‌కు దించండి. అవుట్‌పుట్ ఫైల్ తెరవకముందే యూజర్ మారిపోతాడు కాబట్టి, ఆ డైరెక్టరీలో రాసే హక్కు ఆ యూజర్‌కు లేకపోతే 'పర్మిషన్ డినైడ్' అని ఆగిపోతుంది.