హైవే పనికి ఊరోళ్లు అడ్డం, స్టే అంటున్నారు. ఏం చేయాల?

సైటు ఇంజినీరు, పుత్తూరు: అన్నలారా, పొద్దున్నుంచి ఇదే గోల. జేసీబీ దించితే ఊరోళ్లు అడ్డం కూర్చున్నారు. ఒకాయన హైకోర్టు కాగితం చూపించి స్టే ఉందంటాడు. గ్రేడరు, రోలరు ఊరికే నిలబడి ఉండాయి, బాడుగ పడతానే ఉంది. పోలీసు బందోబస్తుతో పని చేసుకోవచ్చా?

రిటైర్డ్ తహసీల్దారు, చిత్తూరు: ముందు ఆర్డరు కాపీ పెట్టు. ఏ చట్టం కింద తీసుకున్న భూమి?

తోట రైతు, పాకాల: బందోబస్తు మాట పక్కన పెట్టు నాయనా. మామిడి చెట్లకు లెక్క ఎవరు కట్టినారో అడుగు. కాపుకొచ్చిన తోతాపురికీ నిన్న నాటిన మొక్కకూ ఒకే రేటేస్తే ఎవరైనా అడ్డం పడుకుంటారు. ఉద్యానశాఖ వాళ్లు చెట్టుచెట్టుకూ వయసు, కాపు చూసి రాసుకోవాల. బోరు, భూమిలో పూడ్చిన పైపులు పంచనామాలో ఎక్కకపోతే తర్వాత ఎవరూ నమ్మరు. చెరువు కాలువకు తూము పెట్టినారా? ట్రాక్టరు దాటను అండర్‌పాస్ ఉందా?

సైటు ఇంజినీరు: నేషనల్ హైవేనే అన్నా. ఆ ముక్క డీకేటీ, అంటే గవర్నమెంటు పేదోళ్లకు సాగుకిచ్చిన భూమి, దానికి పరిహారమే లేదంటున్నారు మావాళ్లు.

రియల్టర్, రేణిగుంట: డీకేటీ అంటే గవర్నమెంటు భూమే గదా.

వకీలు, తిరుపతి: అయితే మాత్రం? డీకేటీ రైతుకూ పట్టా రైతుతో సమానంగా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే మేకల పాండు కేసులో తేల్చింది. 1956 నేషనల్ హైవేల చట్టంలో సెక్షన్ 3డి గెజిట్ ప్రకటనతో భూమి కేంద్రానికి పోతుంది, నిజమే. కానీ సెక్షన్ 3జి కింద తేల్చిన పరిహారం డబ్బు జమ కానిదే, 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వనిదే స్వాధీనం అడగలేరు.

రిటైర్డ్ తహసీల్దారు: 2018 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సవరణ ప్రకారం రోడ్ల పని ఆపమని ఇంజంక్షన్ ఇవ్వకూడదు.

వకీలు: అది సివిల్ దావాకు సార్, నేరుగా హైకోర్టులో వేసే రిట్‌కు కాదు. మీ వాదన వినకుండా, కాపీలు ఇవ్వకుండా తెచ్చిన మధ్యంతర ఉత్తర్వు అయితే రాజ్యాంగం 226(3) కింద దాన్ని ఎత్తేయమని వెకేట్ పిటిషన్ వేయండి, రెండు వారాల్లో తేల్చాలి. అంతవరకు స్టే ఉన్న సర్వే నంబర్లలో అడుగు పెట్టొద్దు. కోర్టు ధిక్కారం అవుతుంది.

సైటు ఇంజినీరు: ఇప్పుడే కాపీ చదివినా. రెండు సర్వే నంబర్లే ఉన్నాయి, స్టేటస్ కో, అంటే ఉన్నది ఉన్నట్టే ఉంచమని. అన్నదమ్ముల వాటా తగాదాతో డబ్బు ఆగిందంట.

రిటైర్డ్ తహసీల్దారు: ఈ మాట మొదటే చెప్పాల్సింది. కాంపిటెంట్ అథారిటీ, అంటే భూసేకరణ చూసే అధికారి దగ్గర డబ్బు జమైతే చాలు. వాటాల సంగతి అదే హైవేల చట్టం 3హెచ్(4) కింద సివిల్ కోర్టుకు పంపుతారు.

సైటు ఇంజినీరు: సరే సార్, మిషన్లు అవతలి నంబర్లకు మారుస్తాం. థ్యాంక్స్.

తోట రైతు: అండర్‌పాస్ ఉందా, లేదా?