వార్డులో పెద్దవాళ్ళ కోసం పగటి కేంద్రం పెడితే ప్రభుత్వ గ్రాంటు వస్తుందా?

సావిత్రి_విశాఖ:
అందరికీ నమస్కారం. మాది విశాఖ, పాత ఊరి వైపు. మా వార్డులో అరవై దాటినవాళ్ళు చాలామంది, అందులోనూ ఒంటరి ఆడవాళ్ళే ఎక్కువ. నాలుగు వేల పింఛను ఒకటో తారీఖున ఇంటికే వస్తోంది, దానికి ఇబ్బంది లేదు. కానీ పొద్దున అందరూ పనులకు వెళ్ళాక సాయంత్రం దాకా పలకరించే మనిషి ఉండరు. మా వీధి చివర ఒక మామ్మగారు బీపీ మాత్రలు అయిపోయినా, మెట్లు దిగలేక, ఎవరికీ చెప్పకుండా అలాగే ఉండిపోయారు. అడిగితే "ఎవరి పనుల్లో వాళ్ళుంటారు, ఎవరికి చెప్పనే" అన్నారు. నాకు ఆ మాట ఇంకా బాధగానే ఉంది.

మాకు రిజిస్టరైన సంక్షేమ సంఘం ఉంది. కార్పొరేషన్ కమ్యూనిటీ హాలు పెళ్ళిళ్ళు లేనప్పుడు తాళం వేసే ఉంటుంది. అందులో పగటిపూట కూర్చునే చోటు, మధ్యాహ్నం భోజనం, కాస్త ఫిజియోథెరపీ పెట్టాలని మా ఆలోచన. కేంద్ర ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందని విన్నాం. నిజమేనా? ఎవరిని కలవాలి?

లెక్కల_మాస్టారు:
నిజమే అమ్మా. నేను స్వచ్ఛంద సంస్థల లెక్కలు రాస్తుంటాను కాబట్టి చెబుతున్నా. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కింద 'అటల్ వయో అభ్యుదయ యోజన' ఉంది, అందులో ఒక భాగం వృద్ధుల సమగ్ర కార్యక్రమం. కనీసం 25 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రమం, 50 మంది వృద్ధ మహిళలకు ఆశ్రమం, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళకు సంరక్షణ గృహం, మొబైల్ వైద్య వాహనం, ఫిజియోథెరపీ క్లినిక్, ప్రధానంగా ఇలాంటివాటికి డబ్బు ఇస్తారు. మీరడిగేవాటిలో దీనికి నేరుగా సరిపోయేది ఫిజియోథెరపీ క్లినిక్ ఒక్కటే. కూర్చునే చోటుకీ భోజనానికీ దీని మీద ఆశ పెట్టుకోకండి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఈ-అనుదాన్ పోర్టల్‌లో. దానికి ముందు స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే ప్రభుత్వ పోర్టల్ ఎన్జీవో దర్పణ్‌లో నమోదై ఆ నంబరు ఉండాలి. ఆడిట్ చేయించిన లెక్కలు, సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా సిద్ధంగా పెట్టుకోండి. మన దగ్గర చాలా సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరై, ఏటా కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కి పంపడం మానేస్తాయి, తీరా దరఖాస్తు పెట్టేవేళకు పని అక్కడే ఆగిపోతుంది. మీది ఎలా ఉందో ముందు అది చూసుకోండి.

ఇంకోటి, డబ్బు వాయిదాల్లో వస్తుంది. మొదటి వాయిదా దేనికి ఖర్చు పెట్టారో యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇస్తేగానీ తర్వాతది కదలదు. నాకు తెలిసిన ఒక సంస్థకు డబ్బు ఆలస్యమై వంటమనిషికి నెలల తరబడి జీతం ఇవ్వలేకపోయారు, చివరికి ఆవిడ మానేసింది. గ్రాంటు వస్తుంది కదా అని అప్పు చేసి మొదలుపెట్టొద్దు, దయచేసి.

ఫిజియో_గుంటూరు:
సావిత్రిగారూ, క్లినిక్ అనగానే ఖరీదైన మెషీన్ల జోలికి వెళ్ళకండి. మోకాళ్ళు, భుజాలు పట్టేసినవాళ్ళకు గోడకు బిగించే భుజం చక్రం, సమాంతర కడ్డీలు, గట్టి మంచం, వ్యాయామం దగ్గరుండి చేయించే మనిషి ఉంటే చాలా పని జరుగుతుంది. హాలు పై అంతస్తులో ఉంటే మాత్రం ఆలోచించండి, మెట్లు ఎక్కలేనివాళ్ళ కోసమే కదా పెడుతున్నది. కింద గది, గుమ్మం దగ్గర ర్యాంపు, బాత్రూంలో పట్టుకునే కడ్డీ, ఈ మూడూ ముందు చూసుకోండి.

చేతికర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు కొనడానికి మీ డబ్బు పెట్టొద్దు. రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది, 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్ళకు, లేదా నెలకు 15 వేలలోపు ఆదాయం ఉన్నవాళ్ళకు క్యాంపుల్లో పరీక్షించి ఉచితంగా ఇస్తారు. దానికి డబ్బు వృద్ధుల సంక్షేమ నిధి నుంచి వస్తుంది. చిన్న పొదుపు ఖాతాల్లో, పీఎఫ్‌లో ఎవరూ అడగకుండా ఏళ్ళ తరబడి పడున్న డబ్బుతో పెట్టిన నిధి అది. ఎవరో దాచుకుని మర్చిపోయిన డబ్బు ఇలా ఇంకో ముసలాయన చేతికి కర్ర అవుతోందంటే నాకు చాలా సంతోషం.

రిటైర్డ్_మున్సిపల్:
పై ఇద్దరూ బాగా చెప్పారు. నా సలహా, గ్రాంటు ఫైలు దాని దారిన అది నడుస్తుంది, మీ పగటి కేంద్రం మాత్రం దానికోసం ఆగకూడదు. హాలు పగటిపూట వాడుకోవడానికి అనుమతి అడుగుతూ కమిషనర్‌కి లెటర్ పెట్టండి, కాపీ కార్పొరేటర్‌కి ఇవ్వండి, నోటిమాటగా ఒప్పుకుంటే వదిలేయకుండా రాతపూర్వకంగా తీసుకోండి. కేరళలో పంచాయతీలు, మున్సిపాలిటీలే 'పగల్ వీడు' పేరుతో ఇలాంటివి నడుపుతున్నాయి, ఆ ఉదాహరణ లెటర్‌లో రాయండి. బీపీ, షుగర్ చూడటానికి మీ పట్టణ ఆరోగ్య కేంద్రం డాక్టరుగారిని వారానికోసారి రమ్మని అడగండి. వంట మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘాల ఆడవాళ్ళకు ఇస్తే వాళ్ళకూ ఆదాయం.

భోజనం ఖర్చుకు సీఎస్సార్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చుపెట్టే డబ్బు, చూడండి. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో వృద్ధాశ్రమాలతో పాటు వృద్ధుల పగటి సంరక్షణ కేంద్రాలు అని స్పష్టంగా ఉంది. విశాఖలో పోర్టు, రిఫైనరీ లాంటి పెద్ద సంస్థలున్నాయి కదా. కాకపోతే మీకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నమోదులు ఉండి, సీఎస్సార్ డబ్బు తీసుకునే సంస్థలు నమోదుకు పెట్టే సీఎస్సార్-1 ఫారం నింపి ఉండాలి.

సావిత్రి_విశాఖ:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. హాలు కిందే ఉంది, ర్యాంపు మాత్రం లేదు. రిజిస్ట్రార్ దగ్గర జాబితాల సంగతి మా కార్యదర్శిని అడుగుతాను. జిల్లాలో గ్రాంటు ఫైలు ఎవరు చూస్తారు మాస్టారూ?

లెక్కల_మాస్టారు:
విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసుకు వెళ్ళండమ్మా. వయోశ్రీ క్యాంపు ఎప్పుడో కూడా అక్కడే అడగండి. ఈలోగా ఆ మామ్మగారికి 14567 నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పక్కన అంటించండి. అది వృద్ధుల సహాయ ఫోన్ లైను ఎల్డర్‌లైన్, ఉచితం, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతారు.