పాస్‌బుక్‌లో 1.20 అంటే ఎంత? ఈ గుంటలు, సెంట్లు తీసేసి హెక్టార్లు పెట్టేయొచ్చు కదా

నందిగామ_అబ్బాయి:
మా అమ్మకి పుట్టింటి వాటా కింద తెలంగాణలో మధిర దగ్గర కొంచెం పొలం వచ్చింది, పాస్‌బుక్‌లో 1.20 అని ఉంది. మా ఆంధ్ర వైపు ఎకరానికి వంద సెంట్ల లెక్క కాబట్టి నాన్న అది ఎకరం ఇరవై సెంట్లు అనుకుని ఆ లెక్కనే రేటు మాట్లాడేశారు, కొనేవాళ్లు కూడా మా ఊరివాళ్లే, వాళ్లకీ తెలీదు. అగ్రిమెంట్‌కి ముందు రోజు మావయ్య ఫోన్ చేసి "బావా, అది ఇరవై గుంటలు, మొత్తం ఎకరంన్నర" అన్నాడు. ముప్పై సెంట్ల డబ్బు పోయేదే. బరువులు 1958 నుంచే కిలోల్లోకి మార్చారు కదా, భూమికి ఇంకా ఈ తిప్పలేంటి?

గొలుసు_లెక్క:
సర్వే పనిలో ఉన్నా తమ్ముడూ, ఇది రోజూ చూసేదే. తెలంగాణ పాస్‌బుక్‌లో ఆ చుక్క దశాంశం కాదు. గుంట అంటే 33 అడుగులకి 33 అడుగులు, 121 గజాలు, 40 గుంటలు ఎకరం. అందుకే 0.39 తర్వాత 1.00 వస్తది. మొన్న ఒకాయన 1.20ని ఇద్దరు కొడుకులకి పంచుదామని ఫోన్‌లో కొట్టి తలా 0.60 అని రాసుకొచ్చిండు, అసలు వచ్చేది 0.30. హెక్టార్లు పెడితే ఈ బాధ ఉండదు, నేనైతే మార్చాలనే అంటా.

కౌలు_రైతు:
మార్చండి అనడం తేలికేనండీ. కౌలు ఎకరానికే, దిగుబడి ఎకరానికి ఇన్ని బస్తాలనే, దుక్కి కూలి కూడా ఎకరానికే. పంట నష్టం హెక్టారుకి 17,000 అని పేపర్లో పడితే మాకెంత వస్తుందో తెలీక 2.47తో భాగించమని పిల్లల్ని అడుగుతాం. ఎకరం తీసేయొద్దు, పక్కన హెక్టారు కూడా రాయండి చాలు.

పాత_తక్కెడ:
మా నాన్నగారిది కిరాణా కొట్టు. వీశ అంటే 120 తులాలు, దగ్గర దగ్గర కిలో నాలుగొందలు. కిలో రాళ్లు వచ్చాక వీశ అన్న మాటే పోయింది కాబట్టి గొడవ తెగిపోయింది. బంగారానికి మాత్రం పేరు ఉంచేసి కొలత మార్చారు, పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు షాపులో 10. మా అమ్మ ఐదు తులాల గొలుసు 58 గ్రాములు తూగితే కోడళ్లు తూకం తప్పేమో అనుకున్నారు. పేరు అలాగే ఉంచి లోపల కొలత మారిస్తేనే అసలు ప్రమాదం బాబూ.

నందిగామ_అబ్బాయి:
థాంక్యూ అండీ అందరికీ. అగ్రిమెంట్‌లో చుక్కలేమీ పెట్టకుండా "ఒక ఎకరం ఇరవై గుంటలు, అనగా 7,260 గజాలు, అనగా 6,070 చదరపు మీటర్లు" అని అక్షరాల్లో కూడా రాయిస్తున్నా. గొలుసు_లెక్క అన్నా, మీటర్ల లెక్క కరెక్టేనా ఒకసారి చూడవా?

గొలుసు_లెక్క:
కరెక్టే. కానీ సంతకాలకి ముందు ఒకసారి కొలిపించు, కాగితం మీద ఉన్నంత నేల మీద ఉందో లేదో.