స్కానర్ చూపిన కోడ్‌ను బట్టి విడిభాగం మార్చవచ్చా?

చర్చ ప్రారంభించినవారు: చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టించాను, పీ0171 అనే లోపం కోడ్ వచ్చింది. మెకానిక్ ఆక్సిజన్ సెన్సర్ మార్చారు. నాలుగు రోజులకే లైటు మళ్లీ వెలిగింది. బండిలోని కంప్యూటరే లోపాన్ని చెబుతున్నప్పుడు దాన్ని నమ్మి భాగం మార్చడం తప్పెలా అవుతుంది?

మొదటి సభ్యుడు: తప్పు కాదు. ఒకే మోడల్ బండ్లను ఏళ్ల తరబడి చూసినవారికి కోడ్ చూడగానే ఏ భాగం పోయిందో తెలిసిపోతుంది. రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే ఇంధనం సరిగా మండటం లేదు అని పీ0302 వస్తే, అక్కడ స్పార్క్ ప్లగ్‌కు కరెంటు ఇచ్చే కాయిల్‌ను మూడో సిలిండర్‌కు మార్చి చూస్తాం. కోడ్ మూడో సిలిండర్‌ను చూపే పీ0303గా మారితే కాయిల్ పోయినట్టే. ప్రతి వైరునూ మీటరుతో కొలుస్తూ కూర్చుంటే పని తెమలదు.

రెండో సభ్యుడు: కాయిల్‌ను అటూ ఇటూ మార్చి చూడటం పరీక్ష, విడిభాగం కొనడం కాదు, కాబట్టి మీ ఉదాహరణ నా వాదనకే బలం. పీ0171కు అర్థం మొదటి బ్యాంకులో (ఇంజిన్‌లో మొదటి సిలిండర్ ఉన్న వైపు) మిశ్రమం పలచబడిందని, అంటే గాలికి తగినంత ఇంధనం లేదని మాత్రమే. ఆ సంగతిని ఈసీయూకు, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కు, చేరవేసినది ఆక్సిజన్ సెన్సర్; కబురు తెచ్చినవాడినే మనం దోషిగా పట్టుకుంటున్నాం. ఇన్‌టేక్ పైపు పగిలినా, లోపలికి వెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్‌కు మురికి పట్టినా, ఫ్యూయల్ పంపు బలహీనపడినా ఇదే కోడ్ వస్తుంది. ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) ఎక్కువగా ఉండి, ఆర్‌పీఎం పెంచినప్పుడు తగ్గితే ముందుగా గాలి లీకును అనుమానించాలి.

ఒకసారి నా దగ్గరికి మూడు సెన్సర్ల కోడ్‌లు ఒకేసారి చూపుతున్న బండి వచ్చింది. సెన్సర్లు పనిచేయడానికి ఈసీయూ మూడింటికీ పంపే 5 వోల్టుల రిఫరెన్స్ లైనులో అర వోల్టు కూడా లేదు. ఆ లైనుపై ఉన్న కనెక్టర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ పోతే, అసలు కోడే చూపని ఏసీ ప్రెషర్ సెన్సర్‌ను తీయగానే 5 వోల్టులు తిరిగి వచ్చాయి; లైనును కిందికి లాగుతున్నది అదే. కోడ్‌ను నమ్ముకుని ఉంటే మూడు మంచి సెన్సర్లు చెత్తబుట్టలో పడేవి. బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైను సంగతీ అంతే: బ్యాటరీ తీసి, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే సాధారణంగా 60 ఓములు రావాలి, 120 చూపితే లైను రెండు చివరలా ఉండే రెసిస్టర్లలో ఒకటి లైనులో లేనట్టే. ఈ కొలతకు రెండు నిమిషాలు చాలు.

మొదటి సభ్యుడు: కొలతలు నేర్చుకోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఏ సెన్సర్లు ఒకే లైనును పంచుకుంటాయో చెప్పే వైరింగ్ డయాగ్రమ్ చేతిలో లేనివాడు ఏ కనెక్టర్‌తో మొదలుపెట్టాలి? బయటి మెకానిక్‌కు అది దొరకడమే కష్టం.

చర్చ ప్రారంభించినవారు: ఈరోజు ట్రిమ్ చూశాము. ఐడిల్‌లో 22 శాతం, 2500 ఆర్‌పీఎం వద్ద 5 శాతం. పైపును వంచి చూస్తే క్లాంపు పక్కన, అడుగువైపు, వేలిగోరంత పగులు ఉంది. పాత సెన్సర్ డబ్బాలోనే ఉంది. పైపు మార్చాక దాన్నే తిరిగి బిగించి చూడమన్నాను.