2013 డిజైర్ డీజిల్ కొని నాలుగు నెలలే అయింది, 78 వేలు ఎస్టిమేట్ ఇచ్చారు, పెట్టాలా అమ్మేయాలా?

తెనాలి_కుర్రాడు:
అన్నలూ నమస్తే, కాస్త టైమ్ పెట్టి చదవండి ప్లీజ్. విజయవాడలో సెకండ్ హ్యాండ్‌లో స్విఫ్ట్ డిజైర్ విడిఐ తీసుకున్నా, 2013 నవంబర్ రిజిస్ట్రేషన్, మీటర్ మీద 1,38,000 ఉంది, 3 లక్షల 5 వేలకి ఇచ్చారు. అమ్మని నెలకి మూడుసార్లు గుంటూరు హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి, బస్సులో తిప్పలేక అప్పు చేసి మరీ కొన్నా.

మొదటి రెండు నెలలు బాగానే నడిచింది, ఇప్పుడు పికప్ పూర్తిగా పోయింది, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కాలంటే సెకండ్‌కి దించాల్సి వస్తోంది, గట్టిగా తొక్కితే వెనక నల్ల పొగ, బానెట్ లోపల నుంచి ఈల వేసినట్టు సౌండ్. గుంతల్లో ఎడమ పక్క ముందు కటకటా అంటోంది. క్లచ్ కూడా బాగా పైకి వచ్చాకే పట్టుకుంటోంది. మా దగ్గర ఒక మెకానిక్‌కి చూపిస్తే ఒక రౌండ్ వేసొచ్చి కాగితం మీద రాసిచ్చాడు: టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) 28,000, నాజిల్స్ (డీజిల్ చిమ్మేవి) నాలుగూ రీకండిషన్ 22,000, క్లచ్ సెట్ లేబర్‌తో 11,500, ముందు షాక్‌లు లోయర్ ఆర్మ్‌లు 16,500. మొత్తం 78,000. కారు రేటులో పావు వంతు ఇది. పెట్టొచ్చా, లేక వచ్చినకాడికి అమ్మేసి పెట్రోల్ బండి ఏదైనా చూసుకోనా? రాత్రి నిద్ర పట్టట్లేదు నిజంగా.

ఓరుగల్లు_డీజిల్:
అన్నా ముందుగాల టెన్షన్ పడకు, పైసలు ఎవ్వరికీ ఇయ్యకు. నా దగ్గర 2012 విడిఐ ఉంది, 2 లక్షల 14 వేలు తిరిగింది, ఇంజన్ ఇప్పటిదాకా విప్పలే. అది ఫియట్ వాళ్ల 1.3 మల్టీజెట్, 1248 సిసి, ఆయిల్ టైమ్‌కి మారిస్తే మస్తు గట్టి ఇంజన్. నువ్వు చెప్పిన మూడు ముక్కలు, అంటే పికప్ లేదు, నల్ల పొగ, ఈల సౌండ్, ఈ మూడూ కలిసొచ్చినయంటే నాకైతే ఫస్ట్ డౌట్ టర్బో మీద రాదు, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అంటే ఆ గాలిని చల్లబరిచే దానికి పోయే రబ్బర్ హోస్ మీద వస్తది. పన్నెండేండ్ల రబ్బర్ కదా, క్లిప్ దగ్గర చీలుతది, బూస్ట్, అంటే టర్బో ఒత్తి పంపే గాలంతా అక్కడ్నే బయటికి పోతది, లోపలికి గాలి తక్కువ డీజిల్ ఎక్కువ అయితది, అందుకే నల్ల పొగ. నాకు 2021ల సేమ్ ఇట్లనే అయింది. టర్బో మార్చాలన్నరు, హోస్ మారిస్తే సెట్ అయిపోయింది. హోస్ కింది పక్క చెయ్యి పెట్టి తడుము, నూనె జిడ్డు కారినట్టుంటే అక్కడ్నే చీలింది అనుకో.

బండి కంప్యూటర్‌ల ఫాల్ట్ కోడ్ చదివే స్కానర్ పెట్టిచ్చినవా? పి0299 అని కోడ్ వస్తే బూస్ట్ తక్కువ అని అర్థం, అంతే గని టర్బో పోయిందని కాదు. కోడ్ చూసి డైరెక్ట్‌గా టర్బో మార్చేటోళ్లు శానా మంది ఉన్నరు, జాగ్రత్త.

ఆటోనగర్_పాతమెకానిక్:
తమ్ముడూ, ఇరవై రెండేళ్లుగా డీజిల్ పని చేస్తున్నా, పైన వరంగల్ తమ్ముడు చెప్పింది కరెక్టే. దానికి ఇంకొంచెం కలుపుతా.

టర్బో చూడాలంటే గాలి లోపలికి వెళ్లే పక్క పైపు ఊడదీసి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు షాఫ్ట్ వేలితో పట్టుకుని కదపాలి. పక్కకి కొంచెం కదిలితే భయం లేదు, అది ఉండాల్సిందే. ముందుకీ వెనక్కీ ఆడినా, ఫ్యాన్ రెక్కలు గోడకి రాసుకున్న గుర్తులున్నా అప్పుడు పోయినట్టు. ఇంకోటి, మీ 75 గుర్రాల ఇంజన్‌లో టర్బో సాదాది. ఎర్టిగా, సియాజ్‌లో వచ్చిన 90 గుర్రాల దానికి వేరియబుల్ టర్బో, దాని ఖర్చు ఎక్కువ. నీకు చెప్పిన రేటు ఏ టర్బోకో అడుగు, కొత్తదా రీకండిషన్‌దా అనేది కాగితం మీద రాయించుకో.

నాజిల్స్ సంగతికి వస్తే, టెస్ట్ చేయకుండా నాలుగూ అని ఎలా రాస్తారో నాకు అర్థం కాదు, బాధగా ఉంటుంది ఇలాంటివి చూస్తే. రిటర్న్ టెస్ట్ అని ఉంటుంది, ఒక్కో నాజిల్ రిటర్న్ పైపుకి చిన్న సీసా తగిలించి ఇంజన్ ఐడిల్‌లో ఉంచితే ఏది ఎక్కువ డీజిల్ వెనక్కి వదులుతోందో కళ్లకే కనపడుద్ది. ఆ ఒక్కటి తీసి డీజిల్ ల్యాబ్‌లో ఇవ్వాలి.

క్లచ్ మాత్రం నువ్వు చెప్పేదాన్ని బట్టి అరిగే ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో నలభైలో వెళ్తూ ఒక్కసారి పూర్తిగా తొక్కు, ఆర్‌పీఎం లేచి స్పీడ్ లేవకపోతే ప్లేట్ జారుతోంది. మార్చేటప్పుడు ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ వెయ్యి, గేర్‌బాక్స్ ఎలాగూ దిగుద్ది కాబట్టి క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కూడా అప్పుడే చూడమను. సీల్ వందల్లోనే, మళ్లీ దించితే లేబర్ వేలల్లో.

పొద్దున మొదటి స్టార్ట్‌లో రెండు మూడు సెకన్లు గొలుసు ఈడ్చినట్టు సౌండ్ వస్తోందేమో విను. ఈ ఇంజన్‌లో వాల్వ్‌లని టైమ్‌కి నడిపేది బెల్ట్ కాదు, టైమింగ్ చైన్. ఆయిల్ నిర్లక్ష్యం చేసిన బండ్లలో చైన్ సాగుద్ది, అది జంప్ అయితే వాల్వ్‌లని నొక్కే రాకర్లు విరిగి ఇంజన్ హెడ్ విప్పాల్సి వస్తుంది. ఆ సౌండ్ ఉంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు అది చేయించు.

కృష్ణలంక_వాసి:
మిగతావాళ్ల మాట కాదనట్లేదు కానీ విజయవాడ బండి అన్నారు కాబట్టి ఒకటి అడుగుతున్నా. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎన్ని బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయో కళ్లారా చూశాం. అందులో కొన్ని కడిగి తుడిచి మళ్లీ అమ్మకానికి వచ్చాయి. రిపేర్‌కి ఒక్క రూపాయి పెట్టే ముందు ముందు సీటు బెల్ట్ చివరిదాకా లాగి చూడండి, కింది భాగంలో మట్టి మరక ఉంటే నీళ్లలో మునిగినట్టే. సీటు పట్టాల కింద తుప్పు, కార్పెట్ లేపితే వండ్రు మట్టి, స్పేర్ టైర్ గుంతలో బురద గీత, ఇవీ చూడండి. అలాంటి బండి అయితే ఎంత పెట్టినా వైరింగ్ ఎప్పుడో ఒకప్పుడు ఏడిపిస్తుంది, అమ్మినవాళ్లని నిలదీయండి. ఆర్సీ ఎలాగూ 2028 నవంబర్ వరకే, తర్వాత ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేసుకోవాలి, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

తెనాలి_కుర్రాడు:
అందరికీ చాలా చాలా థాంక్స్, పది రోజులు లేట్‌గా రాస్తున్నా. ముందు వరద సంగతి చూశా, బెల్ట్‌లు శుభ్రంగా ఉన్నాయి, కార్పెట్ కింద మామూలు దుమ్మే, సీటు పట్టాలు కూడా బాగున్నాయి, ఊపిరి పీల్చుకున్నా. చైన్ సౌండ్ కోసం మూడు రోజులు పొద్దున్నే బానెట్ తెరిచి విన్నా, ఏమీ లేదు.

తర్వాత వేరే మెకానిక్ దగ్గర స్కాన్ చేయించా, 500 తీసుకున్నాడు, వరంగల్ అన్న చెప్పిన కోడే వచ్చింది. హోస్ విప్పితే కింద పక్క రెండంగుళాలు చీలి ఉంది అన్నా! కొత్తది లేబర్‌తో 1,900. అక్కడే షాఫ్ట్ కూడా కదిపి చూపించాడు, టర్బో బాగుంది. రిటర్న్ టెస్ట్‌లో మూడో నాజిల్ ఒక్కటే ఎక్కువ వదులుతోంది, టెస్టింగ్, రీకండిషన్ కలిపి 6,200. కటకట సౌండ్‌కి ఎడమ లోయర్ ఆర్మ్, రెండు లింక్ రాడ్‌లు మార్చాడు, అలైన్‌మెంట్‌తో 4,800. షాక్‌లు లీక్ లేవు అని ముట్టుకోలేదు. మొత్తం 13,400 అయింది. నిన్న అమ్మతో గుంటూరు వెళ్లొచ్చా, థర్డ్‌లోనే ఫ్లైఓవర్ ఎక్కేసింది, పొగ లేదు.

క్లచ్ టెస్ట్ చేశా, జారుతోంది. వచ్చే నెల జీతం వచ్చాక చేయిద్దామని. అప్పటిదాకా నడపొచ్చా, ఫ్లైవీల్‌కి (క్లచ్ ప్లేట్ ఆనుకునే చక్రం) ఏమైనా అవుతుందా?

ఆటోనగర్_పాతమెకానిక్:
సంతోషం తమ్ముడూ. నెల రోజులైతే నడుపు, కానీ ఎత్తుల మీద హాఫ్ క్లచ్‌లో ఆపొద్దు, హ్యాండ్ బ్రేక్ వాడు. కాలిన వాసన వస్తే మాత్రం ఆ రోజే ఆపెయ్యి, ప్లేట్ రివెట్లు తగిలి ఫ్లైవీల్ గీతలు పడితే దానికి అదనంగా అవుద్ది. ఊడదీసిన పాత ప్లేట్ అక్కడ వదిలెయ్యకుండా ఇంటికి తెచ్చుకుని ఫోటో పెట్టు, ఎంత అరిగిందో చూసి చెప్తా.